పచ్చ తగ్గించు

"నేనేమన్నా బెండకాయనా?" అన్నారు విజిల్ మాస్టారు, తన ఫోటోని కౌంటరు మీద పడేసి.

ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. ఫోటోలో మాస్టారు అచ్చం బెండకాయలాగే ఉన్నారు. నుదురు లేత బెండకాయ, మెడ దగ్గరికొచ్చేసరికి ముదురు బెండకాయ. అంతకుముందు తీసిచ్చిన ప్రింటులో వంకాయలా ఉన్నారు. ఏళ్ళ తరబడి బడిపిల్లల చేత డ్రిల్లు చేయించి ఇప్పుడు రిటైరవుతున్న మనిషి. ఆయన నిలువెత్తు ఫోటో బడి హాల్లో గోడకెక్కబోతోంది. కూరగాయల గంపలోంచి లేచొచ్చినట్టు ఆ గోడెక్కడం ఆయనకు ఇష్టం లేదు. ఎవరికి మాత్రం ఉంటుంది?

"మళ్ళీ తీయిస్తాను మాస్టారూ. ఈసారి తేడా వస్తే అడగండి," అన్నాడు స్టూడియో యజమాని.

"పోయినసారీ ఈ మాటే అన్నావు నాయనా. అడుగుదామనే వచ్చాను."

ఈ మాటలన్నీ పక్క గదిలో ఉన్న చిన్నది వింటూనే ఉంది. చిన్నది అంటే యజమాని చెల్లెలు. ఇంట్లో ఆఖరి సంతానం కాబట్టి చిన్నది. పాపిట్లో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్నా ఆ పిలుపు మారలేదు, ఆవిడ కోపమూ తగ్గలేదు. అన్నయ్య ఫోటోలు తీస్తాడు. మేడ మీద వదిన కంప్యూటరు ముందు కూర్చుని వాటిని దిద్దుతుంది. మేడ కింద చిన్నది ప్రింట్లు తీస్తుంది. పని పంపకం చక్కగానే ఉంది. చిక్కల్లా పంచుకున్నవాళ్ళతోనే.

వదిన ఈ ఇంటికొచ్చిన కొత్తలో కింది గదిలోకి తొంగిచూసి, ప్రింటు మిషన్ని ఎగాదిగా చూసి, "ఈ ముసలాయన ఇంకా పనిచేస్తున్నాడా?" అంది. సరదాకే అంది. కానీ అది నాన్న కొన్న మిషను. నాన్న చెయ్యి పట్టుకుని నేర్పిన పని. చిన్నదానికి ఒళ్ళు మండిపోయింది. "నీ మేడ మెట్లెక్కితే ఒట్టు," అనేసింది. "నీ గుహలో అడుగుపెడితే నాకూ ఒట్టే," అంది వదిన. భోజనాల దగ్గర ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తింటారు. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని బజారుకెళ్తారు. ఒట్టు మాత్రం ఒట్టే. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు కావడం ఆ ఇంటికి పట్టిన పెద్ద కష్టం.

మరి పనెలా సాగుతోంది? కన్నం ద్వారా. కేబులు వేయించడానికి అన్నయ్య మేడ నేలకి కన్నం కొట్టించాడు. కొట్టినవాడికి కొలత తెలియక అది చిన్నసైజు బావిలా తయారైంది. దాన్ని పూడ్చడం మానేసి వదిన ఒక తాడూ బుట్టా కట్టింది. చిన్నది ప్రింటు తీసి బుట్టలో పెడుతుంది. వదిన తాడు లాగి, ప్రింటుని స్క్రీను పక్కన పెట్టి చూసి, తీర్పు చెబుతుంది. తీర్పు కన్నంలోంచి కిందికి పడుతుంది, ఎక్కువసార్లు చిన్నదాని నెత్తి మీదే.

మాస్టారి ఫోటో మొదటి ప్రింటు పైకెళ్ళినప్పుడు పడిన తీర్పు ఇది: "పచ్చగా ఉంది. పచ్చ తగ్గించు!"

చిన్నది పచ్చ తగ్గించింది. మిషన్లో ఒక రంగు తగ్గిస్తే దాని ఎదురు రంగు తలెత్తుతుంది. పచ్చ తగ్గేసరికి మాస్టారి బుగ్గలు గులాబీ రంగుకి తిరిగాయి.

"ఇదేం ఖర్మ! గులాబీ వచ్చి పడింది. పచ్చ ఎక్కడిదక్కడే ఉంది. ఇంకా తగ్గించు!"

ఇంకా తగ్గించింది. మాస్టారు వంకాయ అయ్యారు. అన్నయ్య తొందరపడి ఆ ప్రింటే ఆయనకిచ్చేశాడు, అది మర్నాడే వెనక్కొచ్చింది.

"వదినా, ఇక తగ్గించడానికి నా దగ్గర పచ్చ లేదు. గీకి తీసేశాను."

"పచ్చ తీయమంటే ఊదా పూస్తావేం? ఆ ఊదా ముందు పీకెయ్. కాస్త పచ్చగా ఉన్నా మనిషిలా ఉంటే చాలు."

కాస్త పచ్చగా ఉన్నా చాలందిగా! చిన్నది పళ్ళు నూరుతూ పచ్చని గుమ్మరించింది. ఆ ప్రింటు పొరపాటున బుట్టెక్కకుండానే కౌంటరుకి వెళ్ళిపోయింది. పొరపాటున అని చిన్నది అంటుంది. ఆ బెండకాయే ఇప్పుడు కౌంటరు మీద పడి ఉంది.

మాస్టారిని బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టి, అన్నయ్య కింది గదిలోకి వచ్చాడు. మెత్తటి మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. అందుకే ఆయన మెల్లగా మాట్లాడినా భయమేస్తుంది.

"చిన్నదానా, నీకూ మీ వదినకీ మధ్య నేను నలిగిపోతున్నాను. మాస్టారు నాన్న స్నేహితుడు. ఆయన ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఇదే ఆఖరు. ఇప్పుడు తీసే ప్రింటు ఆయనకు నచ్చితే సరి. లేదంటే ఈ మిషను అమ్మేద్దాం. ఫైళ్ళు బయట ల్యాబుకి పంపిద్దాం. నువ్వు హాయిగా కౌంటర్లో కూర్చుని కవర్లు అందిద్దువుగాని."

హాయిగా అన్నాడు! ఈ గది పోతే ఆవిడకి మిగిలేదేమిటి? ఈ వాసన, ఈ చప్పుడు, కాగితం మీద మొహం మెల్లమెల్లగా బయటికొస్తుంటే ప్రతిసారీ గుండెలో కలిగే ఆ చిన్న గంతు. నాన్న పోయాక నాన్న మిగిలింది ఈ గదిలోనే. కవర్లు అందించడానికి ఆవిడ పుట్టలేదు. అన్నయ్య వెళ్ళాక స్టూలు మీద కూలబడి కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, కోపం తెచ్చుకుంది. కోపం వస్తే ఆవిడకి బుర్ర బాగా పనిచేస్తుంది, అని ఆవిడ నమ్మకం.

తప్పు ప్రింటుది కాదు, వదిన కళ్ళది. అది రుజువు చెయ్యాలి. మాస్టారు బయటే ఉన్నారు కాబట్టి సాక్షికి కూడా వెతుక్కోనక్కర్లేదు.

మాస్టారి ఫోటో కోసం ఆవిడ మామూలు కాగితం వాడటం లేదు. అల్మారా అడుగున నాన్న దాచిన దళసరి కాగితం పెట్టె ఒకటుంది. కావలసినవాళ్ళ ఫోటోలకి మాత్రమే అది బయటికొస్తుంది. ఆ పెట్టెలోంచే ఒక కాగితం తీసింది. గదిలోని పసుపు బల్బు వెలుతుర్లో అది తెల్లగానే కనబడింది. దాన్ని మిషన్లో పెట్టలేదు. దాని మీద చుక్క రంగు వెయ్యలేదు. ఉన్నదున్నట్టుగా, ఖాళీగా, బుట్టలో పెట్టి తాడు రెండుసార్లు లాగింది.

బుట్ట పైకెళ్ళింది. చిన్నది చీర కొంగు నోట్లో కుక్కుకుని ఎదురుచూసింది. పైన కుర్చీ కిర్రుమంది. తర్వాత వదిన గొంతు:

"ఇది కూడా పచ్చగానే ఉంది!"

చిన్నది ఎగిరి గంతేసింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. దొరికింది! ఖాళీ కాగితంలో పచ్చ కనబడుతోందట మహాతల్లికి! ఇన్నాళ్ళూ ఈ మనిషి మాట పట్టుకునా తను మాస్టారిని కూరల కొట్టు చేసింది? పెట్టెలోంచి ఇంకో ఖాళీ కాగితం లాగి, కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. అన్నయ్య లోపలెవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు. "మీరు రండి మాస్టారూ, మీకో వింత చూపిస్తాను," అని ఆయన చెయ్యి పట్టుకుని మేడ మెట్లెక్కేసింది. సగం మెట్ల మీద ఒట్టు గుర్తొచ్చింది. గెలిచినవాళ్ళకి ఒట్లు వర్తించవని అక్కడికక్కడే తీర్మానించుకుని మిగతా మెట్లు కూడా ఎక్కింది.

మేడ గదికి పెద్ద కిటికీ ఉంది. గదంతా తెల్లటి పగటి వెలుగు. వదిన ఖాళీ కాగితం చేత్తో పట్టుకుని, వీళ్ళ కోసమే చూస్తున్నట్టు గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

"వదినా! నీ చేతిలో ఉన్నది ఖాళీ కాగితం! దాని మీద బొమ్మే లేదు!"

"తెలుసు. నాకు కళ్ళున్నాయి," అంది వదిన. "ఖాళీ కాగితం పచ్చగా ఉంది. అందుకే పచ్చగా ఉందన్నాను."

చిన్నదాని నవ్వు సగంలో ఆగింది. "పచ్చెక్కడుంది? చుక్క పచ్చ చూపించు!"

వదిన లేచి వచ్చి, "ఒక్క క్షణం కదలకండి మాస్టారూ," అని ఆ కాగితాన్ని ఆయన తెల్ల చొక్కా మీద, గుండెకానించి పెట్టింది.

చిన్నది చూసింది. మాస్టారి చొక్కా తెల్లగా ఉంది. దాని మీద నాన్న కాగితం గారపట్టిన పన్నులా ఉంది. తన చేతిలో ఉన్నది కూడా తిప్పి చూసుకుంది. అదీ అంతే.

"ఇది పచ్చ కాదు, పసుపు," అంది. గొంతు సగానికి పడిపోయింది.

"పచ్చంటే అదేగా."

"పచ్చంటే ఆకు రంగు!"

"ఆకుది ఆకుపచ్చ. ముందు ఆకు తగిలిస్తేగానీ దానికా పేరు రాదు. ఏమీ తగిలించకపోతే పచ్చంటే ఇదే. మా వైపు అందరూ ఇలాగే అంటారు."

"మరి పచ్చిక పసుపు రంగులో ఉంటుందా?"

"నీళ్ళు పోయకపోతే ఉంటుంది."

"రైలుకి పచ్చజెండా ఊపుతారు. అది పసుపా?"

"కామెర్లొచ్చిన మనిషి కళ్ళు పచ్చగా ఉన్నాయంటాం. వాడి కళ్ళల్లో చిగుళ్ళేశాయనా?"

"పచ్చని చెట్టు!"

"పచ్చబడ్డ పుస్తకం!"

మాస్టారు జేబులోంచి విజిల్ తీసి ఊదారు. ఇద్దరూ ఉలిక్కిపడి, చిన్నప్పటి అలవాటు కొద్దీ చేతులు పక్కలకి ఆనించి నిలబడ్డారు.

"ఒకరి తర్వాత ఒకరు," అన్నారు మాస్టారు.

వదిన ఈసారి నెమ్మదిగా అడిగింది. "నన్ను ఒక్కటే అడగనివ్వండి. మరదలా, మీ నాన్నగారిని నేను చూడలేదు కదా. మనిషి ఎలా ఉండేవారు?"

"నాన్నా?" చిన్నదాని మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న ఎవరడిగినా అలాగే వెలుగుతుంది. "పచ్చగా, దబ్బపండులా..."

అని ఆగిపోయింది.

"నేనెరిగినంతలో మీ నాన్న ఆకులా ఉండేవాడు కాదమ్మా," అన్నారు మాస్టారు, విజిల్ జేబులో వేసుకుంటూ.

ఇక అనడానికేముంది? ఇన్నాళ్ళూ పైనుంచి వదిన పసుపు తగ్గించమని అరుస్తోంది, కింద తను ఆకుపచ్చని చెరిపేస్తోంది. ఉన్న పసుపు ఎక్కడికీ పోలేదు, లేని గులాబీ వచ్చి కూర్చుంది. ఎవరి భాష వాళ్ళకి సరిగ్గానే ఉంది. మధ్యలో మాస్టారు రంగులు మారారు.

కానీ చిన్నదాని మనసు కలుక్కుమన్నది ఆ మాటల తికమకకి కాదు. "నాన్న కాగితం పాడైపోయింది వదినా," అంది. "బాగుంటుందని, కావలసినవాళ్ళకే వాడాను. అదే ముంచింది. మామూలు కాగితం మీద తీసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కింద చూస్తే ఇది తెల్లగానే ఉండేది."

"ఆ గదిలో దీపమే పచ్చగా ఉంటే కాగితం తెల్లగా కాక ఇంకెలా కనబడుతుంది?" అంది వదిన. దెప్పుదామని నోటి దాకా వచ్చిన మాటేదో మింగేసింది. పూర్తిగా మాత్రం మింగలేదు. "అయినా నా కళ్ళు పోయాయని నిరూపించడానికి సాక్షిని కూడా తెచ్చుకున్నావు చూడు, ఆ శ్రద్ధ నాకు నచ్చింది. పద. నువ్వు ఎక్కావు, నేను దిగుతాను. లెక్క సరి."

వదిన మొదటిసారి కింది గదిలో అడుగుపెట్టింది. చిన్నది తను చేసిన రంగుల మార్పులన్నీ తుడిచేసి, బజారులో దొరికే మామూలు కాగితం మిషన్లో పెట్టింది. మిషను గురగురమంది. మొహం మెల్లమెల్లగా బయటికొచ్చింది. ఆ మొహం మీద వంకాయా లేదు, బెండకాయా లేదు. దాన్ని ముగ్గురూ ఊరేగింపుగా మేడ మీదికి తీసుకెళ్ళి స్క్రీను పక్కన పెట్టారు.

"రంగు కుదిరింది. కానీ మాస్టారు చీకట్లో నిలబడ్డట్టున్నారు," అంది వదిన.

చిన్నది ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మళ్ళీ స్క్రీను వంక చూసి కళ్ళు చిట్లించింది. "మాస్టారు చీకట్లో లేరు. నీ స్క్రీనే భగ్గున మండుతోంది. దాని ముందు కూర్చుంటే వంటకి పొయ్యి కూడా అక్కర్లేదు నీకు. కొంచెం తగ్గించు."

"నేను మొదటినుంచీ ఇంతే పెట్టుకుంటాను."

"అందుకే మొదటినుంచీ నా ప్రింట్లన్నీ నీకు నల్లగా కనబడుతున్నాయి."

వదిన ఏదో అనబోయి, మాస్టారి జేబు వంక చూసి ఊరుకుంది. మీట నొక్కి వెలుగు తగ్గించింది. మరికాస్త తగ్గించింది. స్క్రీనులో మాస్టారూ, కాగితం మీద మాస్టారూ ఒకరినొకరు చూసుకుంటున్న కవలల్లా అయ్యారు. గదిలో నిలబడ్డ మూడో మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరినీ మార్చిమార్చి చూశారు.

"ఇదిగో, ఇదీ నేను," అన్నారు. బుగ్గ తడుముకుని, "కాకపోతే ఈ ముడతలూ..." అని నసిగారు.

"అవి పచ్చ తగ్గించినా పోవు మాస్టారూ," అంది చిన్నది.

ఆయన నవ్వేశారు. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడై అన్నయ్య వచ్చాడు. మేడ గదిలో చెల్లెల్ని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. తర్వాత ప్రింటు చూశాడు. మాస్టారి మొహం చూశాడు. పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"ఇంత బాగా వచ్చేదాన్ని ఇన్నాళ్ళు ఎందుకు ఏడిపించారు? ఇంతకీ తప్పెవరిది? అది తేలాలి. తేలకపోతే మళ్ళీ ఇదే గొడవ. దానికన్నా ల్యాబుకి పంపడమే నయం."

చిన్నది లెక్కేసుకుంది. పాత కాగితం తనది. రంగులు తిప్పిన చెయ్యి తనది. అన్నయ్యకి అబద్ధం చెప్పడం తనకి చేతకాదు. గది పోతే పోయింది, అనుకుని కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"అన్నయ్యా, తప్పు నా... అమ్మా!"

వదిన ఆవిడ కాలు తొక్కింది. మెత్తగా కాదు, మడమ పెట్టి.

"తప్పు ఇంకెవరిదండీ, మీదే," అంది వదిన. "కింది గదిలో ఆ పచ్చ బల్బు తెచ్చి పెట్టిందెవరు?"

"కళ్ళకి చల్లగా ఉంటుందని..." అన్నాడు అన్నయ్య.

"రంగులు చూసే గదిలో రంగు బల్బు పెడతారా ఎవరైనా? పాపం, ఆ పిల్ల ఆ వెలుతురులో ఏం చూస్తుంది, ఎలా చూస్తుంది? ఇన్నాళ్ళు అలాంటి గుహలో కూర్చుని ఇంత పని చేస్తోందంటే దండ వెయ్యాలి. మీరేమో మిషను అమ్ముతానని బెదిరిస్తారు!"

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేకపోవడం చూసి చిన్నది ఆశ్చర్యపోయింది. అన్నీ నిజాలే. ఏరుకున్న నిజాలు.

అన్నయ్య దిక్కుతోచక మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మాస్టారూ, మీరు పెద్దవారు."

మాస్టారు పైకప్పు వంక చూశారు. "బల్బుదే నాయనా," అన్నారు. "ఆ బల్బు మంచిది కాదు."

"నువ్వన్నదే కరెక్టు," అన్నాడు అన్నయ్య భార్యతో. తెల్ల బల్బు కొనడానికి అప్పటికప్పుడే బజారుకి బయల్దేరాడు. మాస్టారు ఫోటోని జాగ్రత్తగా చుట్టించుకుని, బెండకాయ ప్రింటు కూడా అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. మనవళ్ళకి చూపిస్తారట.

సాయంత్రానికి కింది గదిలో కొత్త బల్బు వెలిగింది. చిన్నది నాన్న కాగితం పెట్టె తెరిచి ఒకసారి చూసుకుని, మూత పెట్టి అల్మారాలో పెట్టేసింది. వెనక వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నా కాలెందుకు తొక్కావు?" అంది చిన్నది. "ఇప్పటికీ వాచి ఉంది. నన్ను చెప్పనిస్తే నీకు పీడ వదిలిపోయేది కదా. మిషను పోయేది, నేను పోయి కౌంటర్లో పడేదాన్ని. నీకు హాయి."

"ఏం హాయి?" అంది వదిన. "నువ్వెళ్ళి కౌంటర్లో కూర్చుంటే నేనెవరితో పోట్లాడను? మీ అన్నయ్యతోనా? ఆయన రెండో మాటకే ఒప్పేసుకుంటాడు. రోజంతా ఆ మేడ మీద ఒక్కదాన్నే స్క్రీను మొహం చూస్తూ కూర్చోమంటావా? ఈ ఇంటికొచ్చాక నా మాటకి మాట చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే."

ఆ మాటలు వదిన నవ్వుతూ అనలేదు. చిన్నదానికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళూ తన గదిని లాక్కోవడానికే వదిన అరుస్తోందనుకుంది. మేడ మీద ఒక మనిషి తోడు కోసం అరుస్తోందని ఆవిడకి ఒక్కసారీ తట్టలేదు. మిషను మీద లేని దుమ్ము తుడిచింది. గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

"నేనొప్పుకోను," అంది.

"దేనికి?"

"పచ్చంటే ఆకు రంగే."

వదిన గుమ్మం వదిలి లోపలికొచ్చింది. మూలనున్న స్టూలు లాక్కుని, చిన్నదానికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అయితే విను," అంది.